నోరొచ్చిన తలుపు

ఇలా దగ్గరికొచ్చి కూర్చో. ఆ గుమ్మంలో నిలబడితే సగం మాటలు గాలికే పోతాయి. చేతిలో పని ఉంటే తెచ్చుకో, చేసుకుంటూ వినవచ్చు. తీగలక్క సంగతి నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. జరిగింది జరిగినట్టు నువ్వు వినాలి.

ఆవిడని చూస్తే తలుపులకీ అలారాలకీ తీగలు కలిపే మనిషని ఎవరూ అనుకోరు. మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, నడుముకి తోలు సంచి, అందులో కటింగ్ ప్లేయరు, టెస్టరు, నల్ల టేపు. ద్వారబంధం పై కమ్మీ అందాలంటే స్టూలు ఎక్కాల్సినంత పొట్టి. నిచ్చెన పనులకి మరిది వెంట ఉండేవాడు. ఆ మరిదికి మోకాలు సరిగ్గా లేదు. అయినా నిచ్చెన దిగుతూ ఏదో ఒక వెక్కిరింత విసరకుండా ఉండడు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బండి, ఒకే అన్నం డబ్బా.

ఆ వారం వాళ్ళు వెళ్ళింది చొక్కాలు కుట్టే కంపెనీకి. కింద పెద్ద హాలు, వరసలుగా కుట్టుమిషన్లు, వాటి ముందు వంచిన తలలు. హాలు చివర నాలుగు మెట్లు ఎక్కితే మేనేజరు గది. దానికి హాలు మొత్తం కనబడేలా అద్దం గోడ. తలుపులకి కార్డు పెట్టెలు ఎప్పుడో బిగించి ఉన్నాయి. కార్డు చూపిస్తే టిక్కుమని అయస్కాంతం వదిలేస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. దొంగల అలారం వేరే ఉంది. దాని కంప్యూటరు మేనేజరు బల్ల మీద ఉంది, అందులో బిల్డింగు పటం ఉంది. రెండూ ఒకే కప్పు కింద ఉన్నా మాటల్లేని తోడికోడళ్ళలా బతికేవి. ఎవరు వచ్చారో ఎవరు పోయారో తలుపులకి జ్ఞాపకం ఉండేది, చెప్పడానికి నోరు లేదు. అలారానికి నోరు ఉంది, తలుపుల సంగతి తెలియదు. ఆ జ్ఞాపకాన్నీ ఈ నోటినీ కలపడమే తీగలక్క పని.

అది ఓపిక తినే పని. ఒక్కో తలుపునీ పటం మీద ఒక చుక్కగా పెట్టాలి. మూసి ఉంటే పచ్చ, తెరిస్తే పసుపు, తెరవకూడనప్పుడు తెరిస్తే ఎరుపు. మరిది తలుపు దగ్గర నిలబడి ఫోనులో "తెరిచా వదినా" అంటాడు. ఆవిడ తెర వంక చూసి "రాలేదు, మూసి మళ్ళీ తెరువు" అంటుంది. మూసి మళ్ళీ తెరుస్తాడు. చుక్క రంగు మారేదాకా ఇదే పాట. "పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్నిసార్లు రానూ పోనూ చేయలేదు వదినా" అనేవాడు. ఆవిడ నవ్వేది కాదు, కళ్ళజోడు పైకి తోసుకుని తరవాతి తలుపు అనేది. మెడ దగ్గర నరం పొద్దున్నుంచే లాగుతూ ఉండేది.

అక్కడి మేనేజరుని వెనక అందరూ వాచీ సారు అనేవారు. మణికట్టు చూసుకోకుండా మాట పూర్తి చేసేవాడు కాదు. సన్నటి మనిషి, కళ్ళ కింద నల్లటి సంచులు, చొక్కా మాత్రం మడత నలగదు. కంపెనీ యజమాని వేరే చోట ఉంటాడు, ఆయన్ని పెద్దాయన అంటారు. పెద్దాయనకి ఇలాంటి బిల్డింగులు ఇంకా చాలా ఉన్నాయి. ఇది బాగా కుదిరితే మిగతావన్నీ తీగలక్కకే ఇస్తానని ముందే చెప్పాడు. అంటే ఏడాది పొడుగునా పని, అదీ ఇంటికి దగ్గర్లో. మరిది మోకాలికి విశ్రాంతి. ఆ ఆశ ఇంట్లో అందరి నోట్లోనూ నానుతూ ఉంది.

బయటి తలుపులన్నీ అయ్యాక వాచీ సారు ఆవిడని గదిలోకి పిలిచాడు.

"ఇంకో తలుపు ఉందమ్మా. ఆడవాళ్ళ బాత్రూముల దారి."

"దానికి అలారం ఎందుకు సార్? అవతల కిటికీ కూడా లేదు కదా, దొంగ ఎటునుంచి వస్తాడు?"

"దొంగల కోసం కాదు. కార్డు పెట్టి లోపలికి వెళ్తారు, కార్డు పెట్టి బయటికి వస్తారు. మధ్యలో ఐదు నిమిషాలు దాటితే నాకు తెలియాలి. అక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు."

ఆ ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేరులో ఉందని తీగలక్కకి తెలుసు. ఆవిడే ఒక చేపల కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. గడ్డకట్టే గదిలోకి వెళ్ళిన మనిషి వేళకి బయటికి రాకపోతే, జారి పడ్డాడేమో, తలుపు బిగుసుకుందేమో అని పరిగెత్తి లాక్కురావడానికి పుట్టిన ఏర్పాటు అది. ఒకసారి నిజంగానే అలా లాక్కొచ్చారు కూడా. మనిషి ప్రాణం కాపాడే దాన్ని ఇలా మనిషి కడుపు మీద కాపలా పెట్టవచ్చని ఆవిడకి ఎన్నడూ తోచలేదు.

వాచీ సారు ఇంకో రెండు కోరికలు చెప్పాడు. మోత మొదలైతే అది తన కార్డుకీ తన పాస్‌వర్డుకీ తప్ప ఆగకూడదు. గార్డు చేతికిస్తే మొహమాటానికి నొక్కేస్తాడు, సూపర్‌వైజర్లు చుట్టరికాలు చూస్తారు. రెండోది, కాసేపట్లో ఎవరూ ఆపకపోతే హాల్లో పెద్ద సైరను మోగాలి, పెద్దాయన ఫోనుకి కబురు వెళ్ళాలి, ఈ ఏర్పాటు ఎవరైనా మార్చినా వెళ్ళాలి. ఇక్కడ ఎంత జాగ్రత్తగా ఉన్నారో ఆయన కళ్ళారా చూడాలి.

"మరి మీరు గదిలో లేనప్పుడు సార్?"

"నేనెక్కడికి పోతానమ్మా" అని వాచీ చూసుకున్నాడు.

ఆ తలుపు చూడటానికి ఆవిడ వెళ్ళేసరికి తలుపు అవతలి దారిలో ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. లోపల మూడు గదులుంటే రెంటికి తాళం. సందులోంచి చూస్తే పైదాకా పేర్చిన అట్టపెట్టెలు. పనిచేసేది ఒక్కటే గది, దాని కుళాయి దారంలా కారుతోంది. వరసలో చివర గోడకి చెయ్యి ఆనించి ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అందరూ కాజాల పిన్ని అంటారు. చొక్కాలకి బొత్తాం పట్టే కన్నాలు, ఆ కాజాలు వేసే మిషను మీద జుట్టు నెరిసిన మనిషి. షుగరు, వాచిన పాదాలు, చెప్పుల పట్టీలు పట్టక తెగ్గొట్టుకుంది.

"ఏమ్మాయ్, ఈ తలుపుకి కూడా కన్ను పెడుతున్నారట?"

తీగలక్క స్టూలు వేసుకుంటూ అవునంది.

"పెట్టు, పెట్టు. మా ఆయన కూడా నేను లోపలికెళ్తే ఎప్పుడొస్తానా అని ఇంతగా ఎదురుచూసింది లేదు. ఈ వయసులో ఈయనైనా చూస్తున్నాడు" అంది కాజాల పిన్ని. వరస మొత్తం నవ్వింది. నవ్వుతూనే ఆవిడ బరువు ఈ కాలి మీంచి ఆ కాలికి మార్చుకుంది.

తీగలక్క వెళ్ళి రెండు గదులకి తాళం వేసి ఉన్న సంగతి వాచీ సారుకి చెప్పింది. వరసలోనే ఐదు నిమిషాలు అయిపోతాయని చెప్పింది. ఆయన కోప్పడలేదు. అట్టపెట్టెలు తన నెత్తిన పెట్టుకోమంటారా అని మాత్రం అడిగాడు.

ఆ సాయంత్రం ఇంట్లో తోడికోడలు ఆవిడ మెడకి మందు రుద్దుతూ ఉంటే ఈ మాట వచ్చింది. పెట్టనని చెప్పేస్తే ఎలా ఉంటుందని తీగలక్క గోడవైపు చూస్తూ అంది. తోడికోడలు చెయ్యి ఆపలేదు. నువ్వు పెట్టకపోతే ఇంకొకడు పెడతాడక్కా, వాడు ఐదు నిమిషాలు కాదు మూడు నిమిషాలు పెడతాడు, మన పని మనకి పోతుంది అంది. మరిది పక్కనే మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. తీగలక్క ఆ గుడ్డ వంక చూసింది. పొద్దున్నే వెళ్ళి తీగలక్క ఆ తలుపు కూడా కలిపేసింది.

కలిపిన వెంటనే వదిలి రావడం ఆ పనిలో ఉండదు. అప్పగింతకు ముందు కొన్ని రోజులు అక్కడే కూర్చుని చూడాలి. గాలికి తలుపు కదిలినా మోగుతోందా, నిజంగా మోగాల్సినప్పుడు మోగుతోందా అని. అందుకని ఆవిడ వాచీ సారు గదిలోనే ఒక మూల తీగలు కట్టలు కట్టుకుంటూ కూర్చుంది. అద్దంలోంచి హాలంతా కనబడేది.

మొదటి రోజు వాచీ సారు మొహం వెలిగిపోయింది. బల్ల మీది బజరు మోగడం, పటం మీద ఎర్రచుక్క, దాని పక్కన కార్డు ఎవరిదో వాళ్ళ పేరు. ఆయన కార్డు పెట్టి పాస్‌వర్డు కొట్టి ఆపేవాడు. ఆపి, మెట్లు దిగి, ఆ మనిషి మిషను దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. గట్టిగా ఏమీ అనేవాడు కాదు. వాచీ చూపించి వచ్చేవాడు. పక్క మిషన్లు ఒక్క క్షణం ఆగి మళ్ళీ నడిచేవి.

ఎర్రచుక్కలు అందరికీ పడ్డాయి. కాజాల పిన్నికి ఎక్కువ పడ్డాయి. మర్నాడు ఆవిడ మిషను దగ్గర ఆయన వాచీ చూపించడంతో ఆగలేదు. ఏదో చెప్పాడు. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆవిడ చేతులు గుడ్డ మీదే ఉన్నాయి, మిషను మాత్రం నడవలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర తీగలక్క వెళ్ళి పక్కన కూర్చుని ఏమన్నాడని అడిగింది.

"ఇంకొక్కసారి పడితే మర్నాటినుంచి రానక్కర్లేదట. కుర్చీలో కూర్చోబెట్టడానికి కొత్తవాళ్ళు బోలెడుమంది ఉన్నారట. ఉంటారు, ఎందుకుండరు" అంది కాజాల పిన్ని. ఇంట్లో కూర్చుంటే కొడుకు దగ్గర చెయ్యి చాచాలి, ఆ పని మాత్రం తన వల్ల కాదని కూడా అంది. నీళ్ళ సీసా తీసి మూతలోకి కాసిని ఒంపుకుని, ఆ మూతతో పెదాలు తడుపుకుని మళ్ళీ బిగించేసింది. పొద్దున్నుంచి సీసా నిండుగానే ఉంది. షుగరు మనిషి నీళ్ళు తాగకపోతే ఎలాగని తీగలక్క అంటే, తాగితే ఎక్కడికెళ్ళాలో నీకు తెలుసు కదా అని నవ్వింది. తీగలక్క అన్నం సగంలో వదిలేసి లేచింది. ఆ తలుపుకి నోరిచ్చింది తన చేతులే. వాటిని పదేపదే కడుక్కుంది.

ఇక్కడ వాచీ సారు సంగతి చెప్పాలి. మోత ఆపేది ఆయన ఒక్కడే కదా. ఒకటి ఆపి కూర్చుంటే ఇంకొకటి. హాల్లోకి దిగితే పైన బజరు అరుస్తుంది, మెట్లెక్కి పరిగెత్తుకు రావాలి. రెండో రోజు మధ్యాహ్నానికి దిగడం మానేశాడు. అన్నం ఆ బల్ల దగ్గరే, ఒక చెయ్యి కార్డు మీదే. టీ తెచ్చిన మనిషిని వెనక్కి పంపేశాడు. ఆయన వెళ్ళే బాత్రూము బిల్డింగు ఆ చివర ఉంది. ఆ చివరికి వెళ్ళి వచ్చేలోపు ఏ చుక్క ఎర్రబడుతుందో, పెద్దాయన ఫోను ఎప్పుడు మోగుతుందో. కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుంటూ కూర్చునేవాడు. తీగలక్క అదంతా చూసింది. లోపల నవ్వొచ్చిన మాట నిజమే. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన నుదుటి మీద చెమట ఉంది, చొక్కా వీపుకి అంటుకుని ఉంది, ఆయనదీ చిన్న వయసేం కాదు.

"అమ్మా, మీరొకసారి ఇక్కడ కూర్చుంటారా? మోగితే కాస్త..."

"నా వేలికి ఆగదు సార్. మీ కార్డు ఉండాలి, మీ పాస్‌వర్డు ఉండాలి. మీరే అలా పెట్టమన్నారు."

"మార్చలేరా?"

"మార్చగలను. మారిస్తే పెద్దాయనకి కబురు వెళ్తుంది. అదీ మీరు పెట్టమన్నదే."

ఆయన లేచినవాడల్లా మళ్ళీ కూర్చుండిపోయాడు. పాస్‌వర్డు ఇచ్చి వెళ్దామా అని ఆలోచించినట్టే ఉంది, నోరు తెరిచాడు కూడా. ఎవరినీ నమ్మడం అలవాటు లేని నోరు, మళ్ళీ మూతపడింది.

తరవాతి రోజు మధ్యాహ్నం అయ్యింది ఆ పని. వాచీ సారు పొద్దున్నుంచి ఓర్చుకుని ఓర్చుకుని, పటం మీద అన్నీ పచ్చగా ఉన్న క్షణం చూసుకుని లేచాడు. మెట్లు దిగేటప్పుడు నడకే, హాలు దాటాక పరుగు. తీగలక్క స్టూలు మీద నిలబడి గోడ వెంబడి తీగలకి పట్టీలు బిగిస్తోంది. ఆయన అటు వెళ్ళిన కాసేపటికి బజరు మోగింది. తిరిగి చూస్తే బాత్రూముల దారి ఎర్రగా ఉంది, పక్కన కాజాల పిన్ని పేరు.

స్టూలు దిగింది. కంప్యూటరు దగ్గరికి వెళ్ళి నిలబడింది. కార్డు అడుగుతోంది, అంతే. ఆవిడ చెయ్యగలిగింది ఏమీ లేదు. తన పని అంత బాగా కుదిరింది మరి. బజరు మోగి మోగి, హాలు కప్పు కింది పెద్ద సైరను అందుకుంది.

మిషన్లన్నీ ఆగిపోయాయి. అగ్గి అంటుకుందేమోనని ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. గార్డు పరిగెత్తుకొచ్చి ఆ తలుపు ముందు ఆగి, లోపలికి వెళ్ళాలో వద్దో తెలియక టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది. కాజాల పిన్ని తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నిలబడిన అంతమందినీ చూసి, ఆ మోత ఎవరి కోసమో అర్థమై అక్కడే ఆగిపోయింది. చేతులు తుడుస్తూనే ఉంది.

అవతలి నుంచి వాచీ సారు వచ్చాడు. మడత నలగని చొక్కా ఒకవైపు బయటికి వేలాడుతోంది. మెట్లెక్కి మోత ఆపి, జేబులో ఫోను మోగుతుంటే చెవిన పెట్టుకుని, కాజాల పిన్ని కోసం గబగబా మళ్ళీ కిందికి వచ్చాడు. తీగలక్క వెనకే దిగింది. మిషన్లు ఆగి ఉన్న హాల్లో ఆయన మాట ఆ చివరిదాకా వినబడింది.

"లేదు సార్, అగ్గి కాదు. దొంగా కాదు సార్. నేను... లేను సార్. గదిలో లేను." కాసేపు విన్నాడు. "బాత్రూముకి వెళ్ళాను సార్." మళ్ళీ విన్నాడు. గొంతు తగ్గింది. "ఎంతసేపంటే... ఎక్కువసేపు కాదు సార్. పొద్దున్నుంచి వెళ్ళలేదు. కడుపులో కొంచెం బాగాలేదు సార్."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా తప్పు పట్టేవాళ్ళు లేరు, అయినా నవ్వలేదు. ముందు వరసలోవాళ్ళు మిషన్ల వైపు తలలు తిప్పుకున్నారు. కాజాల పిన్ని నేల చూసింది. ఒక మనిషి చెప్పకూడని మాట చెబుతుంటే విననట్టు ఉండటం అదే.

పెద్దాయన వదల్లేదు. అసలు ఎందుకు మోగింది, ఎవరి వల్ల అని అడిగినట్టున్నాడు. వాచీ సారు కళ్ళు హాలంతా తిరిగి కాజాల పిన్ని మీద ఆగాయి. పాపం, మునిగేవాడికి ఏదో ఒకటి చేతికి దొరకాలి. ఆవిడ కూడా తలెత్తి చూసింది. తనకి తెలిసిపోయింది.

"ఇక్కడ ఒకావిడ ఉంది సార్, ఎప్పుడూ ఈవిడే..."

"ఫోను ఇటివ్వండి" అంది తీగలక్క.

ఆయన ఇచ్చాడో ఆవిడే తీసుకుందో, ఫోను ఆవిడ చెవి దగ్గరికి వచ్చింది.

"సార్, తలుపులు కలిపినదాన్ని. తప్పు మనుషులది కాదు సార్, నాది. ఆ బాత్రూముల దారి తలుపు నేను సరిగా కలపలేదు. ఊరికే మోగుతోంది. ఈ మూడు రోజులుగా అది మోగిందంతా తప్పుడు మోతే. ఎవరి తప్పుగానూ లెక్కపెట్టకండి."

సరిచెయ్యలేవా అని ఆయన అడిగాడు. ఆ తలుపు దీనికి పనికిరాదు, తీసేయాల్సిందే అంది. మరి మిగతా తలుపుల్ని ఏం నమ్మమంటావని అడిగాడు. అవి బాగున్నాయి, నమ్మవచ్చు అంది. ఒక తలుపు కలపడం రానిదాని మాట ఎలా నమ్మాలన్నాడు. మిగతా బిల్డింగులకి వేరేవాళ్ళని చూసుకుంటానని ఆయన అంటే, సరే సార్ అని ఫోను వాచీ సారుకి ఇచ్చేసింది. ఆయన దాన్ని చొక్కాకి తుడుచుకున్నాడు. ఆవిడ మొహం వంక చూడకుండా, ఇంక పని చూసుకోండి అని హాలుకి చెప్పి మెట్లెక్కాడు. మెట్ల మీద చొక్కా లోపలికి దోపుకున్నాడు.

మరిది నిచ్చెన తెచ్చి ఆ తలుపు దగ్గర వేశాడు. ఎక్కి తీగలు విప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ పైన పటం మీద ఆ చుక్క చెరిపి వచ్చి నిచ్చెన పట్టుకుంది.

"వదినా, నీ జన్మలో ఒక్క తీగ తప్పు కలిపావా?"

"కలిపాను కదా, ఈ వారమే."

అతను విప్పిన తీగ చుట్ట చుట్టి కిందికి అందించాడు. ఆ తరవాత, మోకాలు ఇంకో ఏడాది ఆగకపోదులే అన్నాడు. నిచ్చెన దిగేటప్పుడు ఆ రోజు ఏ వెక్కిరింతా విసరలేదు.

సామాను సర్దుకుని హాల్లోంచి వెళ్తుంటే కాజాల పిన్ని మిషను ఆపకుండానే పిలిచింది.

"ఏం తీగలమ్మాయ్ నీవి, చెవులు చిల్లులు పడిపోయాయి. నా పని అయిపోయిందనుకున్నాను. పని నేర్చుకుని రావొద్దూ?"

పక్క మిషన్లవాళ్ళు నవ్వారు. సైరను దడ దిగిపోయిన నవ్వు అది. నిజంగానే తీగ తప్పని ఆవిడ నమ్మింది. కలిపిన మనిషే ఫోనులో చెప్పింది, హాల్లో అందరూ విన్నారు, నమ్మక ఏం చేస్తుంది. తీగలక్క ఆగి, నిజమే పిన్నీ, ఇంకా నేర్చుకోవాలి అంది. సంచి భుజం మార్చుకుని బయటికి నడిచింది. బండి మీద దారంతా మెడ నొప్పి పెడుతూనే ఉంది.

ఆ రెండు గదుల్లో అట్టపెట్టెలు వెంటనే కదలలేదు. వాచీ సారు మంచివాడైపోయాడని కూడా చెప్పను. ఆ తలుపుకి మాత్రం మళ్ళీ నోరు రాలేదు. కాజాల పిన్ని ఆ మిషను మీద ఇంకా చాలాకాలం కాజాలు వేసింది. పెద్దాయన బిల్డింగులకి వేరేవాళ్ళు వచ్చారు. ఆ వచ్చినవాళ్ళ నోటనే తలుపుల పనివాళ్ళందరికీ పాకింది, తీగలక్క కలిపిన తలుపు ఊరికే మోగిందట, చెప్పుకుంటే సిగ్గుచేటట అని. ఇప్పటికీ అంటారు. ఆవిడ కాదనదు.

ఆవిడ కాదనదు కాబట్టే నీకు చెప్పాను. నువ్వు నలుగురిలో తిరిగే మనిషివి. ఎక్కడైనా ఎవరైనా ఆ తలుపు గురించి ఆ మాటంటే, కాస్త ఆగండి అని కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. ఆ తలుపు ఒక్కసారి కూడా తప్పుగా మోగలేదని చెప్పు. మర్చిపోకు.